కరెంటుకి ఆనకట్ట

మొన్న రాజమండ్రి కంటాసుపత్రిలో కూర్చున్నాను. కంట్లో చుక్కలు వేసి కళ్ళు మూసుకోమన్నారు. గోడ మీద టీవీ వినబడుతోంది. ఎక్కడో పెద్ద మైదానంలో వరసగా ఇనప పెట్టెలు పెట్టారట. వాటి నిండా బ్యాటరీలట. దేశంలో కరెంటు మిగిలినప్పుడు వాటిల్లో దాచి, చాలనప్పుడు బయటికి తీస్తారట. పక్కన కూర్చున్నాయన "ఎవరికి తడుతుందండి ఇలాంటి ఆలోచన! చదువంటే అదీ!" అన్నాడు.

నా నోరు ఆగలేదు.

"మా ఊళ్ళో ఒకాయనకి ఎప్పుడో తట్టిందండి. పదో తరగతి చదివారు. దొంగ అని ముద్ర వేసి పక్కన పడేశారు."

గట్టిగానే అన్నట్టున్నాను. నర్సు పిల్ల పరిగెత్తుకొచ్చి, "అమ్మా, కళ్ళు తెరవకండి, అరవకండి, బీపీ పెరుగుతుంది" అంది. ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సుగా చేసినదాన్ని నేను. బీపీ ఎందుకు పెరుగుతుందో నాకు తెలుసు.

ఊళ్ళో అందరూ ఆయన్ని బ్యాటరీ గారనేవారు. అసలు పేరు రాయను. ఆఫీసు కాగితాల మీద ఆ పేరు రాసి, దాని పక్కన రాయకూడనివన్నీ రాశారు. అది చాలు. మా ఊరికి మైలు దూరంలో, కాలవ గట్టు దిగాక, పెద్ద సబ్‌స్టేషన్ ఉంది. ఆయన అందులో ఆపరేటరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఖాకీ చొక్కా ముందు భాగమంతా చిన్న చిన్న చిల్లులు. యాసిడ్ చుక్క పడిన చోటల్లా బట్ట తినేసేది. అతుకులు వేసి వేసి వాళ్ళావిడ విసిగిపోయి మానేసింది. ఆదివారం చర్చికి వేసుకొచ్చే తెల్ల చొక్కా ఒక్కటే నిండుగా ఉండేది. అదీ ఓసారి ప్రార్థన మధ్యలో సబ్‌స్టేషన్ నుంచి కబురొస్తే అలాగే సైకిలెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి చిల్లులతో తిరిగొచ్చింది.

ఏ గదిలోకి వచ్చినా ముందు బల్బు వైపు చూసేవారు. "రెండొందలు కూడా లేదండి" అనేవారు. ఆ తరవాత మన వైపు తిరిగి "బాగున్నారాండి" అనేవారు. బల్బు వెలుతురు చూసి వోల్టేజి చెప్పడంలో ఆయన మాట తప్పడం నేను చూడలేదు. ఏమడిగినా ముందు అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "ఆయ్" అని, అప్పుడు జవాబు చెప్పేవారు. జేబులో ఎప్పుడూ వంటసోడా కలిపిన నీళ్ళసీసా ఒకటి. యాసిడ్ మీద పడితే వెంటనే కడుక్కోడానికి.

మా పరిచయం నా తిట్లతో మొదలైంది.

తొంభైల మొదట్లో సంగతి. నేను ఊరి ప్రభుత్వాసుపత్రిలో టెంపరరీ నర్సుని. రోజూ సాయంత్రం ఆరింటికి కరెంటు తీసేసేవారు. మళ్ళీ ఎప్పుడిస్తారో దేవుడికి తెలియాలి. ఓ సాయంత్రం కాన్పు గదిలో ఒకమ్మాయి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగాడు. లాంతరు వెలుతుర్లో నాకూ డాక్టరు గారికీ ఏమీ కనబడ్డం లేదు. నేను ఫోను దగ్గరకి పరిగెత్తి సబ్‌స్టేషన్‌కి చేశాను.

"అయ్యా, కాన్పు కష్టంగా ఉంది. అరగంట కరెంటివ్వండి."

"పైనుంచి ఆర్డరండి. నేను వెయ్యడానికి లేదండి" అంది అవతలి గొంతు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా సబ్‌స్టేషన్‌కి నడిచాను. రాత్రి ఫోనెత్తినాయన ఎవరని అడిగితే బ్యాటరీ గారు ముందుకొచ్చారు. నోటికొచ్చినట్టు తిట్టాను. "స్విచ్చి మీ చేతిలో ఉంది కదా! మీ ఇంట్లో ఆడవాళ్ళయితే వెయ్యరా?" అన్నాను. అన్నీ నించుని విన్నారు. అరచెయ్యి తుడుచుకున్నారు.

"ఆయ్... అమ్మాయి బతికిందాండి?"

"బతికింది. బిడ్డ పోయాడు."

ఓ గది తలుపు తీసి "రండి" అన్నారు. లోపల పుల్లటి ఘాటు. చెక్క బల్లల మీద రెండు వరసల్లో బిందెలంత డబ్బాలు, ఒక దాన్నించి ఇంకోదానికి సీసం పట్టీలు. అన్నీ బ్యాటరీలేనట. ఎందుకని అడిగాను.

"ఊరికి కరెంటు పోయినా సబ్‌స్టేషన్‌కి పోకూడదండి. లైనుకి ఏదైనా అయితే స్విచ్చిలు వాటంతటవే పడిపోవాలి కదా. వాటికోసం ఇక్కడ దాచిపెడతాం."

"అంటే మీ స్విచ్చిలకి దాచారు. మా ఆడవాళ్ళకి దాచలేదు."

ఆ మాట ఆయనకి తగిలిందని అప్పుడు నాకు తెలియలేదు. రెణ్ణెల్ల తరవాత తెలిసింది.

ఆ రెణ్ణెల్లలో సబ్‌స్టేషన్‌కి కొత్త బ్యాటరీలొచ్చాయి. పాతవి తీసి రేకుల షెడ్డు కింద పడేశారు. తుక్కు కింద లెక్క. వాటిల్లో ఇంకా ప్రాణమున్నవి ఉన్నాయని ఆయన ఒక్కోదాన్నీ పరీక్ష చేసి పన్నెండు ఏరారు. అప్పటి సెక్షన్ ఆఫీసరు మంచివాడు. "ఆసుపత్రికా? తీసుకెళ్ళవయ్యా, ఇక్కడ ఎండకి పగిలిపోవడమేగా" అన్నాడు. నోటితో అన్నాడు. కాగితం ఇవ్వలేదు, ఈయన అడగలేదు. నెల తిరక్కుండా ఆ ఆఫీసరుకి బదిలీ అయిపోయింది.

పన్నెండు డబ్బాలూ రిక్షా మీద రెండు విడతలుగా తెచ్చారు. ఆసుపత్రి వెనక వసారాలో బల్ల మీద వరసగా పెట్టి కలిపారు. కాన్పు గదిలో, కట్లు కట్టే గదిలో, ఆడవాళ్ళ వార్డులో లారీ బల్బులు బిగించారు. తెల్లారుజామున కరెంటు బాగా ఉన్నప్పుడు వాటిని నింపేవారు. సాయంత్రం లైన్లో కరెంటు పోగానే నేను మీట నొక్కేదాన్ని. లారీ హెడ్‌లైట్ వెలుతురు ఎలా ఉంటుందో తెలుసు కదా. కాన్పు గదిలో అలా తెల్లగా పడేది. మొదటిరోజు నేను నా చేతుల్ని చూసుకున్నాను. గ్లవ్స్ మీద రక్తం ఎంతుందో సాయంత్రం పూట అంత స్పష్టంగా కనబడ్డం అదే మొదటిసారి.

రోజూ డ్యూటీకి వెళ్ళేముందు సైకిలు ఆపి వచ్చేవారు. ఖాళీ సెలైన్ సీసాల్లో శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చి పోసేవారు. ఏ డబ్బా ఎంత నిండిందో తెలియడానికి గాజు గొట్టం ఒకటి ముంచి, లోపలి బుడ్డి ఎంత తేలిందో చూసి నోట్‌బుక్కులో రాసుకునేవారు. చివర్లో ఒక్కో డబ్బా దగ్గరా చెవి పెట్టి వినేవారు.

"ఏం వినబడతాదండి?" అని నవ్వాను ఓసారి.

"కడుపు నిండితే సన్నగా ఉడుకుతాయండి, పప్పు ఉడికినట్టు. ఎక్కువ పెడితే పొంగుతాయి. తక్కువ పెడితే లోపల రాయి కట్టేస్తాయి. వేళకి పెట్టాలి, కొలతకి పెట్టాలి. పసిపిల్లల్లాంటివే."

అప్పుడే ఆయన పెద్ద ఆలోచన చెప్పింది. సబ్‌స్టేషన్‌లో కరెంటు చాలుతోందో లేదో చూపించే ఓ ముల్లు ఉంటుందట. అది యాభై మీద నిలబడాలి. సాయంత్రం ఊళ్ళన్నీ ఒక్కసారి దీపాలు వేస్తే కిందకి పడిపోతుంది. అప్పుడు పైనుంచి ఫోనొస్తుంది, తీసెయ్యమని. తెల్లారుజామున ఎవరూ వాడరు కాబట్టి ముల్లు యాభై దాటి పైకి పోతుంది. సాయంత్రం కరువు, తెల్లారేసరికి వరద. ఏళ్ళ తరబడి గంట గంటకీ ఆ ముల్లు ఎక్కడుందో ఆయన రాసి పెట్టుకున్నారు.

"గోదారి నీళ్ళన్నీ సముద్రంలో కలిసిపోతుంటే ధవళేశ్వరంలో అడ్డం కట్టి పట్టుకున్నారా లేదాండి? అందుకే మనం అన్నం తింటన్నాం. మరి కరెంటుకి ఆనకట్ట కట్టరేంటండి? ప్రతి సబ్‌స్టేషన్ పక్కనా ఓ పెద్ద హాలు కట్టి, నిండా బ్యాటరీలు పెట్టి, తెల్లారుజామున నింపి సాయంత్రం వదిలితే? దేశమంతా అలా కడితే ఎవరికీ తియ్యక్కర్లేదు కదండీ."

నాకు అందులో సగమే అర్థమయ్యేది. కానీ మా వసారాలో పన్నెండు డబ్బాలతో ఆయన చేసి చూపించారు కదా! ఆ సంగతంతా పెద్దాఫీసుకి ఉత్తరం రాశారు. నా చేతిరాత బాగుంటుందని నా చేత కాపీ చేయించేవారు. మూడు ఉత్తరాలు రాశాం. మూడోదానికి జవాబొచ్చింది. తన హోదాకు సంబంధించని విషయాలపై పై అధికారులకు నేరుగా ఉత్తరాలు రాయరాదని హెచ్చరిక. ఒక్కరు, కనీసం ఒక్కరు, 'ఇది కుదరదయ్యా, ఎందుకంటే' అని రాసుంటే ఆయన సంతోషించేవారు. ఖర్చెక్కువనో, బ్యాటరీలు అంతకాలం ఆగవనో చెప్పుంటే కూర్చుని ఇంకో దారి వెతికేవారు. తప్పా ఒప్పా అని చూసిన మనిషి లేడు. రాసినవాడి హోదా ఏమిటని చూశారు.

ఆ తరవాత తుఫానొచ్చింది. కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి. కరెంటు స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగాయి. మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ గారు రైసుమిల్లు వాళ్ళని బతిమాలి డీజిల్ ఇంజను ఆసుపత్రి దొడ్లోకి తెప్పించారు. దానికి లారీ డైనమో బిగించి పగలంతా బ్యాటరీలు నింపడం, పొద్దుగూకాక లైట్లు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో వెలుగున్న ఆసుపత్రి మాదొక్కటే. పడవల మీద, మంచాల మీద మోసుకొచ్చేవారు. మేం ఎవర్నీ వెనక్కి పంపలేదు. ఆయన సొంతింటి పైకప్పు ఎగిరిపోయింది. వాళ్ళావిడ ఆసుపత్రికొచ్చి, "ఇంటికి రండి, తాటాకులైనా కప్పండి" అంటే, "నువ్వే ఇక్కడికొచ్చి ఉండు, ఇక్కడ దీపముంది" అన్నారు. ఆవిడ నిజంగానే వచ్చి, రోగులకి గంజి కాస్తూ ఉండిపోయింది.

ఓ సాయంత్రం నష్టం చూడ్డానికి కరెంటు డిపార్ట్‌మెంటు పెద్దాఫీసరు జీపులో వచ్చాడు. ఊరంతా చీకటి, ఆసుపత్రిలో వెలుగు. లోపలికొచ్చి "ఈ లైట్లెక్కడివి?" అన్నాడు. బ్యాటరీ గారు మురిసిపోయారు. ఇన్నాళ్ళకి చూసేవాడొచ్చాడనుకున్నారు. వసారాలోకి తీసుకెళ్ళి గాజు గొట్టం ముంచి చూపించారు, నోట్‌బుక్కు తెరిచి చూపించారు. ఆఫీసరు నోట్‌బుక్కు చూళ్ళేదు. వంగి డబ్బా మీద ముద్ర చూశాడు.

"ఇవి మన డిపార్ట్‌మెంటువి కదయ్యా! ఎవరిమ్మన్నారు నీకు?"

అంతే. ఆయన అన్నాళ్ళు చేసింది ఆ ఒక్క మాటతో దొంగతనమైపోయింది. నెల తిరిగేసరికి ఎంక్వైరీ వేశారు. తుఫానులో ఆ డిపార్ట్‌మెంటు లైన్లు నిలబెట్టలేకపోయినందుకు ఎవరి మీదా ఎంక్వైరీ లేదు. వాళ్ళు లేనిచోట దీపం వెలిగించినవాడి మీద వేశారు!

ఇంక నా సంగతి చెప్పాలి.

ఎంక్వైరీ ఆసుపత్రిలోనే, ఓపీ గదిలో పెట్టారు. ముందురోజు మా డాక్టరు గారు పిలిచి, "మనం రాతపూర్వకంగా అడగలేదు కదమ్మా. అడిగామంటే మన మీదకొస్తుంది. నీ పర్మనెంటు లిస్టు జిల్లా ఆఫీసులో ఉంది, గుర్తుంచుకో. తెలియదని చెప్పు, చాలు" అన్నారు. నా మీద ఆధారపడ్డ నలుగురు ఇంట్లో ఉన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. పట్టింది.

ముగ్గురు ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చున్నారు. బ్యాటరీ గారు గోడ దగ్గర నించున్నారు.

"సిస్టర్, ఈ బ్యాటరీలు కావాలని ఆసుపత్రి తరఫున ఎవరైనా అడిగారా? అడిగారంటే వీటిని ఆసుపత్రి లెక్కలో రాస్తాం."

"నాకు తెలియదండి."

"ఇవి ఎక్కణ్ణించి వచ్చాయో?"

"తెలియదండి."

"ఎవరు పెట్టారో?"

"తెలియదండి. నేను డ్యూటీలో లేనండి."

రోజూ ఆ బల్బుల కింద పురుళ్ళు పోసినదాన్ని. మూడుసార్లు తెలియదన్నాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. తల దించుకుని అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నారు. ఆయన్నేమీ అడగనే లేదు.

మర్నాడు లారీ వచ్చింది. బరువు తగ్గుతుందని యాసిడ్ అక్కడే పారబొయ్యమన్నారు. బ్యాటరీ గారు లారీకి అడ్డంపడ్డారు.

"అయ్యా, పారబొయ్యకండి! అవి బతికున్నాయండి. ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్ళి మన సబ్‌స్టేషన్‌లోనే పెట్టండి, ఇంకా రెండేళ్ళు పనికొస్తాయి. నన్నేం చేసినా చెయ్యండి, వాటినలా చెయ్యకండి."

"తుక్కు తుక్కేనయ్యా. నువ్వు పక్కకి జరుగు."

ఒక్కో డబ్బా వంచారు. దొడ్లో నేల నురగలు కక్కింది. లారీ ఇంకా గేటు దాటలేదు, ఆయన సైకిలెక్కి వెళ్ళి ఓ బస్తా సోడా తెచ్చి, ఆ తడి మీదంతా చల్లడం మొదలెట్టారు. "రోగుల పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారండి, కాళ్ళు కాలతాయి" అన్నారు. సస్పెన్షన్ కాగితం చేతికొచ్చి గంట కూడా కాలేదు. నేను కిటికీలోంచి చూస్తూ నించున్నాను. కిందికి దిగి ఓ గుప్పెడు సోడా చల్లలేదు.

మళ్ళీ లాంతర్లొచ్చాయి. ఆ ఎండాకాలం పక్కూరి నుంచి రెండో కాన్పుకి ఒకమ్మాయి వచ్చింది. బిడ్డ సులువుగానే పుట్టింది. ఆ తరవాత రక్తం ఆగలేదు. చిరుగు ఎక్కడుందో దొరకలేదు. ఆయా పట్టుకున్న టార్చిలైటు గుడ్డిగా వెలుగుతోంది. రాజమండ్రి తీసుకెళ్ళడానికి జీపు వచ్చేసరికి ఆ అమ్మాయి లేదు. తుక్కు ఇనప సామాను చోటు మారితే ముగ్గురు ఆఫీసర్లు కుర్చీలేసుకుని కూర్చున్నారే! ఆ అమ్మాయి కోసం ఒక్క కుర్చీ వెయ్యలేదు. రిజిస్టర్లో ఓ గీత గీశాం. గీసింది నేనే. అప్పటికి నేను పర్మనెంటు.

ఎనిమిది నెలల తరవాత బ్యాటరీ గార్ని మళ్ళీ తీసుకున్నారు. గోదారి అవతల, కొవ్వూరు వైపు వేశారు. బ్యాటరీ గదిలోకి మాత్రం పోనివ్వలేదు. గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసే పని. ఇంక్రిమెంట్లు ఆపేశారు. ఎప్పుడైనా బస్టాండులో కనబడితే "బాగున్నారాండి" అనేవారు. నేను "బాగున్నామండి" అనేదాన్ని. ఏళ్ళ తరబడి అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆయన రిటైరయ్యే రోజు అవతలి సబ్‌స్టేషన్‌లో సన్మానమని చర్చిలో ఎవరో చెబితే తెలిసింది. నన్నెవరూ పిలవలేదు. వెళ్ళాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. బ్యాటరీ గారు తెల్ల చొక్కా వేసుకుని వేదిక మీద చివరి కుర్చీలో కూర్చున్నారు. పక్కన భార్య. కొత్త తరం ఆఫీసరు ఒకాయన శాలువా కప్పి మాట్లాడాడు. "ఈయన చాలా సరదా మనిషటండి. ఒకప్పుడు కరెంటుకి ఆనకట్ట కట్టమని హెడ్డాఫీసుకి ఉత్తరం రాశారట!" అన్నాడు. షామియానా కింద అందరూ పగలబడి నవ్వారు. బ్యాటరీ గారు కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి నేను లేచి నించున్నాను.

మైకు దగ్గరకి ఎలా వెళ్ళానో గుర్తులేదు. "నవ్వకండి" అన్నాను. "ఆ ఉత్తరాలు నా చేత్తో రాశాను. మీలో ఒక్కరికైనా అవి చదివే బుద్ధి లేకపోయింది. ఈయన బ్యాటరీలు దొంగిలించారని రాశారే, మా ఆడవాళ్ళకీ దాచలేదేమని అడిగింది నేను. ఎంక్వైరీలో అబద్ధం చెప్పింది నేను. వాటి వెలుగులో ప్రాణాలతో బయటపడ్డ తల్లులు మా జిల్లా అంతా ఉన్నారు. వాటిని మీరు పారబోశాక చీకట్లో చచ్చిపోయినమ్మాయిని నేను చూశాను." ఇంకా ఏవేవో అన్నాను.

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఎవరో వచ్చి మెల్లగా నా చేతిలోంచి మైకు తీసుకుని, "ఇప్పుడు వందన సమర్పణ" అన్నారు. స్వీటు పొట్లాలు పంచారు.

గేటు బయట సైకిలు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. చేతులు జోడించాను. "ఇవాళైనా చెప్పానండి" అన్నాను, ఏడుస్తూ.

ఆయన దండ తీసి భార్య చేతికిచ్చారు. చెయ్యి తుడుచుకోలేదు. "ఆయ్" అనలేదు. నా కళ్ళలోకి సూటిగా చూశారు. అన్నేళ్ళలో ఆయన ముఖంలో కోపం అప్పుడే చూశాను.

"ఆ వేళ చెప్పాల్సిందండి" అన్నారు. "నాకు పడే శిక్ష ఎలాగూ పడేది. మీ ఉద్యోగం పోయేదేమో. ఆసుపత్రిలో లైట్లు మాత్రం ఉండేవి."

భార్యని వెనక ఎక్కించుకుని, వంతెన వైపు తొక్కుకుంటూ వెళ్ళిపోయారు.